టీకప్ పామ్ (బుల్లి పామరేనియన్) అంటూ కుక్కపిల్లలు అమ్మేవాళ్లతో జాగ్రత్త, పర్లాకిమిడి, పాతపట్నం వైపు వాళ్లు తప్పక చదవండి

మాది పర్లాకిమిడి. పోయిన ఏడాది పాప పుట్టినరోజుకి చిన్న జాతి కుక్కపిల్లను తెద్దామనుకున్నాం. పామరేనియనా, షిట్జూనా అని ఇంట్లో నెల రోజులు ఇదే మాట. మా ఆయనకి షిట్జూ మీద మనసు, పెద్దగా మొరగదు, ఒళ్లో పడుకుంటుంది అని. కానీ దానిది చప్పిడి ముక్కు, వేడికి ఊపిరి ఆడక అవస్థ పడుతుంది, మా వీధిలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పైగా జుట్టు పెరుగుతూనే ఉంటుంది, రోజూ దువ్వకపోతే ఉండలు కట్టేస్తుంది, కళ్లు పైకి ఉబ్బి ఉంటాయి కాబట్టి చిన్న గీత పడినా పుండవుతుంది. పామ్‌కీ బొచ్చు ఎక్కువే, గేటు చప్పుడైతే చాలు అరుస్తుంది, మోకాలి చిప్ప జారే బాధ కూడా ఉంది. అయినా వేడి సంగతి చూసుకుని పామ్ అనుకున్నాం. ఇంతవరకు బాగానే ఆలోచించాం, కొనేటప్పుడే మోసపోయాం.

అమ్మినవాడి పేరు ఇక్కడ రాయను. వీడియోలు పంపి, ‘మేడమ్, ఇది టీకప్, ఎంత పెరిగినా రెండు కిలోలు దాటదు’ అన్నాడు. తల్లిని చూపించమంటే ఫామ్‌లో ఉంది, కొత్తవాళ్లను చూస్తే కరుస్తుంది అన్నాడు. నేను అక్కడే ఆగాల్సింది. 22 వేలకు బేరం కుదిరింది, సగం ముందే ఫోన్‌పే చేశాం, మిగతాది పిల్ల చేతికందాక. మీరు ఇంత దూరం రానక్కర్లేదు, పాతపట్నం బస్టాండ్‌లో అందిస్తానన్నాడు. మాకది మరీ దగ్గర కదా అని సంబరపడ్డాం. ప్లాస్టిక్ బుట్టలో పాత టవల్ మీద, మూతి తడిసిపోయి వణుకుతూ వచ్చింది నా తండ్రి.

మూడో రోజు పొద్దున్నే వాంతులు, సాయంత్రానికి నెత్తురుతో విరేచనాలు. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను. డాక్టరు గారు పరీక్ష చేసి పార్వో, అంటే కుక్కపిల్లలకు వచ్చే వైరస్ జబ్బు అన్నారు. దానికి సూటిగా పనిచేసే మందు ఇక్కడ లేదన్నారు, సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ పిల్లను నిలబెట్టాలి, అంతే. ఐదు రోజులు వేలెడంత కాలికి సూది గుచ్చించుకుని పడుకుంది. చిన్న జాతి పిల్లలు కొన్ని గంటలు తినకపోయినా ఒంట్లో చక్కెర పడిపోతుందట, అందుకని రాత్రంతా లేచి లేచి చిగుళ్లకు గ్లూకోజ్ నీళ్లు రాసేదాన్ని.

వైద్యం మొదలైన రెండో రోజే డాక్టరు గారు దాని నోరు తెరిచి, వేలితో చిగురు నొక్కి నాకు చూపించారు. ముందు పళ్లు మాత్రమే బియ్యపు గింజల్లా కనిపిస్తున్నాయి, వెనక పళ్లు ఇంకా రావట్లేదు. రెండు నెలల పిల్లకి పాలపళ్లు 28 దాదాపు వచ్చేసి ఉండాలట, ఇది బహుశా నెల పైన కొద్ది రోజుల పిల్ల అన్నారు. మరి వాడిచ్చిన కార్డులో 45వ రోజు వ్యాక్సిన్ వేసినట్టు ఎలా రాశాడు? ఆ కార్డు మీద పెన్నుతో టిక్కు, తేదీ తప్ప ఏమీ లేవు. నిజంగా వేస్తే మందు సీసా మీది చిన్న స్టిక్కర్ పీకి కార్డులో అతికిస్తారని, పక్కన డాక్టరు సంతకం, ముద్ర ఉంటాయని అప్పుడే తెలిసింది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, అమ్మే బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలని 2017లోనే కేంద్రం రూల్స్ పెట్టింది. రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే వాడు ఫోన్ పెట్టేశాడు, తర్వాత బ్లాక్ చేశాడు.

మా బుజ్జిగాడు బతికాడు. ఇప్పుడు పది నెలలు, మొన్న బియ్యం కొట్టు కాటా మీద పెడితే తొమ్మిది కిలోలు. అసలు పామ్ అయితే పెద్దయ్యాక మూడు కిలోలు, కొంచెం అటూ ఇటూ. మావాడు ఇండియన్ స్పిట్జ్, అంటే పామ్‌లా కనిపించే ఇంకాస్త పెద్ద జాతి అని డాక్టరు గారు అన్నారు, బరంపురంలో మా చుట్టాలు అలాంటిదాన్నే ఆరు వేలకు తెచ్చుకున్నారు. వాణ్ని మేం ఎవరికీ ఇవ్వం, అది వేరే సంగతి. కానీ టీకప్ అనే జాతిని, కుక్క జాతుల్ని నమోదు చేసే ఏ పెద్ద కెన్నెల్ క్లబ్బూ గుర్తించలేదు, ఆ మాట వినగానే లేచి వచ్చేయండి. చిన్న జాతుల నెల పిల్లలన్నీ గుప్పెట్లో పట్టేవే, తల్లిని చూడకుండా సైజు ఎవరూ చెప్పలేరు. షిట్జూ తీసుకునేవాళ్లు ముక్కు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయా, ఆడి అలిసినప్పుడు గురగుర శబ్దం వస్తోందా అని దగ్గర కూర్చుని చూడండి.

ఇంట్లో ఇదివరకే పార్వో వచ్చి ఉంటే ఇంకో పిల్లను వెంటనే తేకండి, ఆ వైరస్ నేల మీద నెలల తరబడి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి చావదు, బ్లీచ్ వేసి కడగాలి.

పాతపట్నం బస్టాండ్‌లో డెలివరీ, సగం అడ్వాన్స్ అని ఎవరైనా మీతో మాట్లాడుతుంటే డబ్బు వేసేముందు నాకు మెసేజ్ పెట్టండి, ఆ కార్డు ఫొటో నా దగ్గరుంది, మీకు పంపిన కార్డుతో పోల్చి చూద్దాం.