ట్రేసర్ తూటా కట్ మోడల్: బొమ్మ కొనొచ్చు, చార్టును నమ్మొద్దు

ట్రేసర్ అంటే పోతున్న దారి కనిపించేలా వెనక వెలుగుతూ పోయే తూటా. ఆర్మీ కోచింగ్, ఎన్‌సీసీ పిల్లల కోసం కర్నూలు స్టేషనరీ షాపులో అమ్ముతున్న దాని సెట్ ఇది. చెక్క మోడల్ ఒకటి, గోడ చార్టు ఒకటి.

మోడల్ నిలువుగా రెండు ముక్కలవుతుంది. బుల్లెట్ ముందు భాగంలో సీసం, వెనక గుల్లలో వెలుగునిచ్చే మందు, దాని వెనక దాన్ని అంటించే పొర. మూడింటికీ వేరే రంగులు వేశారు. అంటించే పొర వెనక వైపుకు ఉండడం చాలా సరైన పని. గాలి రాపిడికి బుల్లెట్ మండుతుందనుకునేవాళ్ళు ఎక్కువ. నిజానికి బారెల్లో ఉండగానే తూటా మందు కాలిన వేడి వాయువులకే ఆ పొర అంటుకుంటుంది. తర్వాత మెగ్నీషియం మండుతుంది. స్ట్రాన్షియం నైట్రేట్ దానికి ఆక్సిజన్ అందిస్తూ ఎర్రటి వెలుగు తెప్పిస్తుంది. బేరియం వాడితే పచ్చగా ఉంటుంది.

ఒక్క లోపం: పక్కనున్న మామూలు బుల్లెట్‌నూ ఇంతే పొడవు చేశారు. ఆ మందు సీసం కన్నా చాలా తేలిక కాబట్టి, 5.56 మి.మీ. అమెరికన్ ఎం856 ట్రేసర్ మామూలు బుల్లెట్ కన్నా పొడవుగానే ఉంటుంది. అందుకే లోపలి గాడులు 12 అంగుళాలకో చుట్టు తిరిగే పాత ఎం16ఏ1 రైఫిల్ బారెల్లో అది నిలకడగా పోదు, 7 అంగుళాలకో చుట్టు కావాలి.

చార్టు సంగతి వేరు. 'పచ్చ మొన అంటే ట్రేసర్' అని అచ్చేశారు. సోవియట్ 7.62×39 తూటాకి అది నిజమే. కానీ నాటో 5.56లో పచ్చ మొనది మామూలు తూటా, ట్రేసర్‌ది నారింజ మొన. పిల్లలు పరీక్షలో ఇక్కడే దెబ్బతింటారు.

1916 సెప్టెంబరులో జర్మన్ ఎయిర్‌షిప్ ఎస్ఎల్ 11ను ట్రేసర్లే తగలబెట్టాయని చార్టులో ఇంకో మాట. అదీ తప్పే. దాన్ని కూల్చిన బ్రిటిష్ పైలట్ లీఫ్ రాబిన్సన్ కాల్చినవి పేలే, నిప్పంటించే బుల్లెట్లు. 1915 నాటి బ్రిటిష్ .303 ట్రేసర్ వెలుగైతే వంద మీటర్లకే ఆరిపోయేది.

మెషిన్‌గన్ బెల్టులో నాలుగు మామూలు తూటాలకో ట్రేసర్ అన్నది సరే. రెండూ ఒకే గీత మీద పోతున్నట్టు గీయడం తప్పు. మందు కాలేకొద్దీ ట్రేసర్ బరువు తగ్గి, దూరం పోయేకొద్దీ దారి వేరవుతుంది. వెలుగును చూసి గురి సరిచేసేవాడు మోసపోయేది అందుకే. గుండు వచ్చిన చోటు శత్రువుకూ కనిపిస్తుందన్న ముక్క, ఎండాకాలం రేంజిలో ఎండుగడ్డి అంటుకుంటుందన్న హెచ్చరిక చార్టులో ఎక్కడా లేవు. మన సీమ ఎండలకు రెండోది పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

మోడల్ ఒక్కటే ఇస్తారేమో అడగండి. ముక్కల్ని పట్టే అయస్కాంతం త్వరగా ఊడుతుంది, ముందే ఫెవిక్విక్ వేసుకోండి.