పొట్టి మడ్‌గార్డ్‌తో రెండు వానాకాలాలు

కొన్న నెలకే బండి ముందు చక్రానికి వేసే ఈ ఫైబర్ మడ్‌గార్డ్ గురించి కనిపించిన ప్రతివాడికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడు అందులో సగం మాత్రమే చెబుతాను.

బండి 220 సీసీ క్రూజర్. అత్తవారిది కళింగపట్నం, పండక్కి వెళ్లినప్పుడల్లా ఆ ఉప్పుగాలి తగిలి పాత ఇనప మడ్‌గార్డ్ లోపలివైపు తుప్పు తినేసింది. పైన క్రోమ్ మెరుస్తూనే ఉంది, కింద వేలు పెడితే చిల్లు. దాని బదులు ఆన్‌లైన్‌లో ఈ పొట్టిది తెప్పించాను. తేలిక, తుప్పు గొడవ లేదు, బండి వయసు ఐదేళ్లు తగ్గినట్టు కనిపించింది. ఇవి ఇప్పటికీ నిజమే.

గొడవంతా దాని తోకతో. పోయిన జూలైలో గరివిడి దాటి చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్తున్నాను, దమ్ము ట్రాక్టర్లు పొలాల్లోంచి రోడ్డెక్కి వదిలిన బురద దారిపొడుగునా ఉంది. ఈ మడ్‌గార్డ్ చక్రం వెనకాల సగంలోనే ఆగిపోతుంది కదా, టైరు ఎత్తిన బురదంతా నేరుగా ఇంజిన్ ముందు ఉండి ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్ మీదికే. ప్యాంటు ఎర్రగా అయింది, సరే, ఉతుక్కుంటాం. కూలర్ రెక్కల సందుల్లో బురద ఎండి గాలి ఆడక, రాజాం ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కిపోయి న్యూట్రల్ పడనంటే పడనంది. క్లచ్ పోయిందని ఒకటే టెన్షన్. మెకానిక్ వంగి చూసి "ఏటి బాబూ, బండి తోలేరా, దమ్ము చేసేరా?" అన్నాడు.

నవ్వేలోపే ఆయన ఇంకోటి చూపించాడు. బ్రేక్ హోస్‌ని, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టాన్ని, పట్టి ఉంచే క్లిప్పు పాత మడ్‌గార్డ్‌కి ఉండేది, దీనికి లేదు. బిగించిన రోజు నేనే ఒక ప్లాస్టిక్ టై వేసి ఊరుకున్నాను. అదెప్పుడు తెగిందో, హోస్ టైరుకి రాసుకుని పైరబ్బరు అరిగిపోయింది. ఇంకో వారం అలాగే తిరిగి ఉంటే! హోస్ మార్పించి, కూలర్‌ని పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు తోమాం. ప్రెషర్ నీళ్లు కొడితే రెక్కలు వంగిపోతాయట.

తర్వాత రబ్బరు షీటు కోయించి కింద ఫ్లాప్ వేయించాను. బురద చాలావరకు ఆగుతోంది. స్టైల్ కోసం కొన్న బండికి గోచీ పెట్టినట్టుంది, అది వేరే సంగతి.

కొనేముందు చక్రం సైజు చూసుకోండి, నాది 17 అంగుళాలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి ముందు 19. ముందు చక్రాన్ని చెరో పక్క పట్టుకునే ఫోర్క్ కాళ్లు రెండింటినీ కలిపే ఇనప బద్ద ఉందో లేదో కూడా చూడండి. నా దానికి ఉంది. అందుకేనేమో హైవే మీద ఊగులాట తెలీలేదు గానీ నేను 80 దాటను, కాబట్టి నా మాట పూర్తిగా నమ్మక్కర్లేదు.

విజయనగరం టౌన్లో కోట చుట్టూ తిరిగే బండైతే ఇది చాలు. నాలాగా వారానికి మూడుసార్లు రాజాం వెళ్లేవాళ్లు పొడుగు తోకదే చూసుకోవాలి. మరి నువ్వెందుకు మార్చలేదంటే, కళింగపట్నం వెళ్లడం మానలేను కదా, పాత ఇనపదైతే మళ్లీ తుప్పే. పాతది పెరట్లోనే ఉంది. రేకు అతికించి రంగు వేయడానికి ఎంతవుతుందో అడిగాను, ఆ రేటు విన్నాక వచ్చే వానలకి చూద్దాంలే అనుకున్నాను.