ఇంటి చదువుకు మేము వాడిన పుస్తకాలు, మా దినచర్య: మూడో ఏడాది సమీక్ష

మా అమ్మాయికి ఐదేళ్లు నిండినప్పటి నుంచి తిరుపతిలో ఇంట్లోనే చదివిస్తున్నాం. మూడో ఏడాది నడుస్తోంది. ఈ వయసు పిల్లలకు వేల రూపాయలు పోసి విదేశీ పాఠాల పెట్టెలు తెప్పించనక్కర్లేదని గట్టిగా చెప్పగలను. గణితానికి ఎన్‌సీఈఆర్‌టీ వారి ‘జాయ్‌ఫుల్ మ్యాథమేటిక్స్’, తెలుగుకు రాష్ట్ర ప్రభుత్వ వాచకం, చదువుకోవడానికి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులోని పిల్లల కథలు మాకు చాలాయి.

ఎక్కువ మెచ్చుకోవలసింది గణిత పుస్తకాన్నే. 2020 జాతీయ విద్యా విధానానికి అనుగుణంగా 2023లో వచ్చిన ఈ ఒకటో తరగతి పుస్తకం అంకెలతో మొదలు కాదు. లోపల, బయట, పైన, కింద, పొడవు, గుండ్రం వంటివి పట్టుబడ్డాకే ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలు వస్తాయి, అవీ మామిడిపండ్లతో. చిత్తూరు మామిడి తోటలను చూస్తూ పెరిగే బిడ్డకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఏముంటుంది! బంగినపల్లి పండ్లు చాప మీద పరిచి లెక్కపెట్టించాం. పది వచ్చేసరికి చీపురు పుల్లలు కట్టలు కట్టాం. డబ్బు పాఠం రైతుబజారులో జరిగింది: కొత్తిమీరకు డబ్బు తనే ఇచ్చి, తిరిగొచ్చిన చిల్లర తనే సరిచూసుకునేది. మేము కొన్నది ఇంగ్లీషు ప్రతి కావడంతో ప్రతి సూచననూ తెలుగులో చెప్పాల్సి వచ్చేది. ఆ ఇబ్బందిని రాష్ట్ర ద్విభాషా గణిత పుస్తకం తీర్చింది. అందులో ఒక పుట తెలుగు, ఎదుటి పుటలో అదే పాఠం ఇంగ్లీషులో.

తెలుగు వాచకంలో గేయాలు బాగున్నాయి. ఒత్తుల దగ్గర మాత్రం మా అమ్మాయికి అందులోని సాధన సరిపోలేదు. గుణింతాలు వచ్చిన పిల్లలు ‘అమ్మ’, ‘చెట్టు’, ‘పువ్వు’ వంటి పదాలను కథల్లో పదేపదే చూడాలి. స్టోరీవీవర్‌లో కథలు ఉచితం, స్థాయిలవారీగా ఉంటాయి. కొన్ని అనువాదాల్లో తెలుగు బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి ముందు నేను చదివి, బాగున్నవే అచ్చు తీసి ఇస్తాను. ఫోను చేతికి ఇవ్వను.

దినచర్యను ఎండను బట్టి పెట్టుకున్నాం. వేసవిలో తొమ్మిది దాటితే చిన్నపిల్లలు కుదురుగా కూర్చోలేరు. అందుకే టిఫిన్ కాగానే గణితం, కాసేపు ఆట, ఆపై తెలుగు రాత. మధ్యాహ్నం నేను పైకి చదువుతుంటే పక్కన పడుకొని వింటుంది. ఈ ఒక్క అలవాటును జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. వారంలో ఒక పూట అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికో, జంతు ప్రదర్శనశాలకో, చంద్రగిరి కోటకో వెళ్తాం. సాయంత్రం వీధిలో పిల్లలతో ఆట తప్పనిసరి. ఆడుకోవడానికి తోడు దొరకని చోట ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను.

బంధువులు అడిగే ప్రశ్న ఒకటుంది: రేపు బడిలో చేర్చుకుంటారా? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం, ఆరేళ్లు దాటి ఏ బడిలోనూ చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. బడి వద్దనుకుంటే, బడికి వెళ్లకుండానే రాయగలిగే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ (ఎన్‌ఐఓఎస్) పరీక్షలు ఉన్నాయి. అందులో ‘ఎ’ స్థాయి మూడో తరగతికి సమానం. పదో తరగతి పరీక్షకు 14 ఏళ్లు నిండాలి. రెండు దారులకూ పనికొస్తాయని అమ్మాయి నోటుపుస్తకాలన్నీ తేదీలు వేసి దాస్తున్నాను.