బ్యాట్‌మ్యాన్ బిగిన్స్: గంట ఆగి వచ్చే హీరో ఎంట్రీ

మన సినిమా లెక్కలో హీరో ఎంట్రీ మొదటి పది పదిహేను నిమిషాల్లో పడిపోవాలి, ఫ్లాష్‌బ్యాక్ ఇంటర్వెల్ తర్వాత రావాలి. 2005 జూన్‌లో వచ్చిన క్రిస్టఫర్ నోలన్ ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ ఈ రెండింటినీ తిరగేసింది. ఫ్లాష్‌బ్యాక్‌తో మొదలై, 140 నిమిషాల సినిమాలో ముసుగు మనిషిని చూపించడానికి దాదాపు గంట తీసుకుంటుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కాగితాలు చించుకుని సిద్ధంగా కూర్చునేవాళ్లకు అది పరీక్షే. అప్పటి నుంచి ఇప్పటిదాకా తిప్పి తిప్పి చూశాక నాకు తేలింది ఒకటే: ఆ గంటే అసలు సినిమా. మిగతా ఎనభై నిమిషాల్లో మంచి సీన్లు చాలా ఉన్నాయి, కానీ ఆ గంటలో హీరో ఎవర్నీ చంపనని పెట్టుకున్న ఒట్టును క్లైమాక్స్ తీసి గట్టు మీద పెట్టేస్తుంది.

మొదటి గంటను నిలబెట్టేది భయం అనే ఒక్క దారం. హీరో బ్రూస్ వేన్ పిల్లవాడిగా ఉన్నప్పుడు పాడుబడ్డ బావిలో పడతాడు, గబ్బిలాలు మీదికి ఎగబడతాయి. కొన్నాళ్లకు అమ్మానాన్నలతో ఒపెరాకు వెళ్తాడు. స్టేజి మీద రెక్కల వేషాలు చూసి బెదిరి, బయటికి పోదామంటాడు. బయటి సందులోనే జో చిల్ అనే దొంగ అమ్మానాన్నలను కాల్చేస్తాడు. కామిక్స్‌లో చాలాకాలంగా ఆ కుటుంబం జోరో సినిమా చూసి బయటికొస్తుంది, అంటే పిల్లవాడి మనసులో ముసుగు వీరుడి బొమ్మ ముందే ఉంటుంది. నోలన్ దాన్ని తీసేసి ‘మెఫిస్టోఫెలె’ ఒపెరా పెట్టాడు. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ కథ బరువంతా దీనితో పక్కకు జరిగింది. ఇప్పుడు పిల్లవాడికి మిగిలింది ఆదర్శం కాదు, తప్పు చేశానన్న బాధ: నేను భయపడకపోతే వాళ్లు ఆ సందులోకి వచ్చేవాళ్లే కాదు. 1939 నవంబరు ‘డిటెక్టివ్ కామిక్స్’ 33వ సంచికలో ఈ మూలకథ మొత్తం రెండు పేజీల్లో అయిపోయింది. అన్నేళ్ల తర్వాత దానికి కొత్త కారణం జోడించడం, అదీ అతుకు కనపడకుండా, తేలిక పని కాదు.

కథ వరుసలో నడవదు. బావిలో మొదలై భూటాన్ జైలుకు, అక్కడి నుంచి హీరో పోరు నేర్చుకునే మంచుకొండ మీది మఠానికి, మళ్లీ వెనక్కి కోర్టుకు దూకుతుంది. అయినా ఎక్కడా తికమక ఉండదు, ఎందుకంటే ప్రతి దూకుడూ భయం దగ్గరే మొదలై భయం దగ్గరే ఆగుతుంది. మంచు సరస్సు మీది కత్తి పోరు ఐస్‌లాండ్ హిమానీనదం మీద తీశారు. కాళ్ల కింద మంచు చిట్లే చప్పుడు ఆ సీన్లో సగం డైలాగుల పని చేస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది సరుకులు సమకూర్చుకునే భాగం. ఏ వస్తువూ ఆకాశం నుంచి ఊడిపడదు. సూట్ సైనికుల కోసం చేసిన కవచం, ఒక్కోదానికి మూడు లక్షల డాలర్లు. సైనికుడి ప్రాణానికి అంత ఖర్చు దండగని కొనేవాళ్లు అనుకోబట్టి గోదాములో మూలపడి ఉంది. నడుముకు కట్టే తాడు 350 పౌండ్ల బరువుకు పరీక్షించింది, అంటే సుమారు 160 కిలోలు. కేప్ బట్ట కరెంటు తగిలితే బిగుసుకుని రెక్క ఆకారం పట్టుకుంటుంది. హీరో నడిపే కారు టంబ్లర్ అసలు నదుల మీద వంతెనలు వేయడానికి తయారుచేసిన సైనిక బండి. ముసుగు భాగాలకు విదేశాల్లో ఆర్డర్ పెడితే అనుమానం రాకుండా పదివేలు చెప్పాల్సి వస్తుంది, తీరా మొదటి లాట్‌లో గ్రాఫైట్ లోపం. ఇలాంటి సీన్లు ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్‌గా మైకేల్ కెయిన్, సరుకులు అందించే ఫాక్స్‌గా మోర్గన్ ఫ్రీమన్ చేతిలో పడటం అదృష్టం. ఇద్దరూ నవ్వకుండా నవ్విస్తారు.

తెర వెనక కూడా అదే పట్టుదల. టంబ్లర్ నిజంగా నడిచే బండి, షికాగో రోడ్ల మీద పరిగెత్తించారు. కథ జరిగే ఊరు గోథమ్ వీధుల్లో చాలావాటిని ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో, పాత ఎయిర్‌షిప్ షెడ్డులో సెట్ వేశారు. ఇరుకు గల్లీల ‘నారోస్’ పేటకు హాంకాంగ్‌లో 1990ల్లో కూల్చేసిన కౌలూన్ వాల్డ్ సిటీ నమూనా. అందుకే ఇన్నేళ్లైనా బొమ్మ పాతబడలేదు. గబ్బిలాల గుంపులు మాత్రం కంప్యూటర్‌వే, పెద్ద తెర మీద అది తెలిసిపోతుంది.

అప్పుడు రేవులో ఎంట్రీ. ఎంట్రీ అంటే మనకు లో యాంగిల్, గాల్లో దుమ్ము, బీజీఎం దరువు. ఇక్కడ హీరోను చూపించనే చూపించరు. కంటైనర్ల మధ్య లైట్లు ఒక్కొక్కటే పోతుంటాయి, మనుషులు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. కెమెరా ఎప్పుడూ రౌడీల పక్షానే ఉంటుంది, దయ్యం సినిమా లాగా. గంటసేపు భయాన్ని నేర్చుకున్నవాడు దాన్ని మొదటిసారి ఎదుటివాడి మీద వాడుతున్నాడు, కాబట్టి ఇది తీయాల్సిన పద్ధతి ఇదే. విజిల్ కొట్టాలన్నా ఎక్కడ కొట్టాలో తెలియని ఎంట్రీ.

కామిక్స్ చదివినవాళ్లకు ఇందులో దొరికేవి చాలా ఉన్నాయి. వెన్నెముక 1987 నాటి ‘ఇయర్ వన్’ అనే కామిక్‌ది, ‘బ్యాట్‌మ్యాన్’ 404 నుంచి 407 వరకు నాలుగు సంచికలు. మాఫియా నాయకుడు ఫాల్కోనీ, లంచగొండి పోలీసు ఫ్లాస్, చుట్టుముట్టిన పోలీసుల మీదికి గబ్బిలాల గుంపును పిలిపించుకునే ఉపాయం అక్కడివే. కానీ ఆ కామిక్‌లో సగం కథ నిజాయితీ పోలీసు గోర్డన్‌ది. గ్యారీ ఓల్డ్‌మన్ లాంటి నటుణ్ని పెట్టుకుని కూడా సినిమా అతనికి మిగిల్చింది అయోమయంగా చూసే పోలీసు పాత్ర. ఆ చోటంతా కామిక్స్‌లో లేని హీరోయిన్ రేచల్ తీసుకుంది, తీసుకున్న చోటికి తగినంత పని ఆమెకు రాయలేదు. మఠంలో హీరోకు గురువు, చివరికి విలన్ అయిన రాస్ అల్ గూల్ 1971లో కామిక్స్‌లోకి వచ్చాడు, అక్కడ మంత్ర గుండంలో మునిగి చావు లేకుండా బతికేవాడు. ఇక్కడ ఆ అమరత్వాన్ని మారుపేరు, డమ్మీ మనిషి అనే ట్రిక్‌గా మార్చారు. పాత అభిమానులు కొందరు ఇప్పటికీ గొణుగుతారు. నా లెక్కలో మాత్రం అది సినిమాలోకెల్లా తెలివైన మార్పు.

ఇప్పుడు లోపాలు. మొదటిది ఫైట్లు. చాలా దగ్గరి షాట్లు, చాలా పొట్టి కట్లు, ఎవరు ఎవర్ని కొడుతున్నారో అందదు. రేవులో అయోమయమే ఉద్దేశం కాబట్టి నప్పింది. మఠం పోరులో, రైలు మీద అదే పద్ధతి వాడితే మాత్రం దెబ్బ బరువు పోయింది. సూట్ కూడా ఒక కారణం: ముసుగు మెడకు అంటుకుపోయి తల ఒక్కటే తిరగదు, భుజాలతో సహా తిప్పాలి. 2008 సీక్వెల్లో మెడ తిరిగే కొత్త సూట్ కావాలని హీరో స్వయంగా అడుగుతాడు.

రెండోది నీళ్ల గొడవ. విలన్లు కలిపిన, మనుషుల్లో భయం రేపే విషం వారాల తరబడి ఊరి నీళ్లలో కలిసే ఉంది, తాగితే ఏమీ కాదు, ఆవిరిగా పీలిస్తేనే పిచ్చి. బాగానే ఉంది. మరి ఊరందరూ టీ కాచుకోలేదా? వేణ్నీళ్ల స్నానం చెయ్యలేదా? ఆ ఊళ్లో ఒక్క తెలుగు కుటుంబం ఉన్నా ఇడ్లీ పాత్ర మూత తీసిన పొద్దుటే గుట్టు రట్టయ్యేది. పైగా విలన్ల యంత్రం మైక్రోవేవ్‌తో భూమిలోని మెయిన్లలో నీళ్లను ఆవిరి చేస్తుంది. లోహపు గొట్టం మైక్రోవేవ్‌ను లోపలికి రానివ్వదు, వెనక్కి కొడుతుంది. అదే సమయంలో పక్కనే నిలబడ్డ మనుషులకు ఏమీ కాదు, మనిషి ఒంట్లో సగం పైన నీళ్లే అయినా. ఇలాంటివి వేరే సూపర్‌హీరో సినిమాలో పట్టించుకోం. తాడు ఎంత బరువు మోస్తుందో కూడా చెప్పిన సినిమా కాబట్టే అడగాల్సి వస్తోంది.

మూడోదే పెద్దది. మఠంలో ఖైదీ తల నరకమంటే హీరో ఒప్పుకోడు, నేను తలారిని కాను అంటాడు. మంచి సీన్. వెంటనే మఠానికే నిప్పు పెడతాడు, లోపల జనం ఉండగా. ఆ ఖైదీ ఏమయ్యాడో సినిమా మళ్లీ చెప్పదు. సరే, తప్పించుకోవడానికి అనుకుందాం. చివరికి రైల్లో గురువుతో, నిన్ను చంపను గానీ కాపాడాల్సిన పనీ లేదు అని దూకేస్తాడు. థియేటర్లో చప్పట్లు పడే మాటే. కానీ పట్టాలు కూల్చమని గోర్డన్‌కు టంబ్లర్ ఇచ్చి పంపింది ఎవరు? ముందే గొయ్యి తవ్వించి, పడేటప్పుడు చెయ్యి ఇవ్వకపోతే అది చంపడం కాదనడం వకీలు వాదన. మొదటి గంట కట్టిన మనిషి ఇలా మాట్లాడడు. సీక్వెల్లో విలన్ జోకర్ పై నుంచి పడుతుంటే తాడు వేసి ఆపడం చూస్తే ఈ తేడా ఇంకా కొడుతుంది.

సంగీతం గురించి ఒక్క మాట. హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవర్డ్ కలిసి చేశారు. పాడుకునే థీమ్ ఉండదు, రెండు స్వరాలు ఉబ్బి ఆగిపోతాయి, రెక్కల చప్పుడు లాంటి దరువు వెంట వస్తుంది. ఆల్బమ్‌లో ట్రాకుల పేర్లన్నీ గబ్బిలాల శాస్త్రీయ నామాలు. నాలుగు నుంచి తొమ్మిది దాకా ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే హీరో పేరే వస్తుంది.

ఇంట్లో చూసేవాళ్లకు కొన్ని పనికొచ్చే సంగతులు. ఇది 35 ఎంఎం అనమార్ఫిక్ ఫిల్మ్ మీద తీసింది, 2.39:1 కొలత. సీక్వెల్స్ డిస్కుల్లో లాగా ఐమ్యాక్స్ సీన్లకు తెర నిండదు, పైనా కిందా నల్ల పట్టీలు చివరిదాకా ఉంటాయి. టీవీ పాడైందని జూమ్ నొక్కకండి, పక్కలు తెగిపోతాయి. 2017 డిసెంబరులో వచ్చిన 4కే డిస్క్ దొరికితే అదే మేలు, రాత్రి సీన్లలో నలుపులో నలుపు విడిగా తెలుస్తుంది. కదలికలను నున్నగా చేసే టీవీ సెట్టింగ్ మోషన్ స్మూతింగ్‌ను తప్పకుండా ఆపేయండి, లేకపోతే మఠం సీన్లు సీరియల్ లాగా తేలిపోతాయి. ఆడియో 5.1. గురువుగా చేసిన లియామ్ నీసన్ మాటలు మెల్లగా, పేలుళ్లు గట్టిగా ఉంటాయి, అందుకని సెంటర్ స్పీకర్‌ను రెండు మూడు డెసిబెల్స్ పెంచుకుంటే అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. సౌండ్‌బార్ అయితే డైలాగ్ మోడ్, నైట్ మోడ్ రెండూ వేయండి. ఎండ పడే హాల్లో పగటిపూట వద్దే వద్దు.

కామిక్స్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు సినిమా అయ్యాక ముందు ‘ఇయర్ వన్’ చదవండి. ‘ది లాంగ్ హాలోవీన్’ పట్టుకునే ముందు 2008 సీక్వెల్ చూసేయండి, ఆ కామిక్‌లో ముఖ్యుడైన ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ కథ అక్కడే ఉంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల్లో పాత కామిక్స్ తగులుతుంటాయి. డబ్బు ఇచ్చే ముందు మధ్య పేజీలు ఊడాయేమో, పిన్నులు తుప్పు పట్టాయేమో విప్పి చూసుకోండి.