పాత టీవీకి స్టిక్కా, కొత్త స్మార్ట్ టీవీనా?

ముందు టీవీ వెనక చూడండి. హెచ్‌డీఎంఐ పోర్టు ఉండి, తెర బాగుంటే నా ఓటు స్టిక్‌కే, అంటే ఆ పోర్టులో పెడితే మామూలు టీవీని స్మార్ట్‌గా మార్చే చిన్న పరికరానికే. ఫైర్ టీవీ స్టిక్ లాంటిది పెడితే ఆహా, ఈటీవీ విన్, యూట్యూబ్ అన్నీ వస్తాయి, ఖర్చు కొత్త టీవీలో చిన్న వంతే. కరెంటు మాత్రం టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా స్టిక్‌తో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. లేకపోతే మధ్యమధ్యలో ఆగిపోయి విసిగించవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు రెండు రిమోట్ల టెన్షన్ ఉంటుంది, నిజమే. టీవీలో హెచ్‌డీఎంఐ సీఈసీ (టీవీని, స్టిక్‌ను కలిపి నడిపే సదుపాయం) ఉంటే ఒక్క రిమోట్‌తోనే పని జరుగుతుంది.

కొత్త స్మార్ట్ టీవీకి ఆ గొడవ లేదు. కానీ కొన్నేళ్లకు అప్‌డేట్లు ఆగిపోయి యాప్‌లు మొరాయిస్తాయి, అప్పుడు దానికీ స్టిక్ కావాలి.

ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులే ఉన్న డబ్బా టీవీ అయితే స్టిక్‌ను కలపడానికి కన్వర్టర్ పెట్టినా అక్షరాలు మసకగానే ఉంటాయి. దాని మీద డబ్బు పెట్టకండి, కొత్తదే కొనండి.