జెడ్డా, బహ్రెయిన్, లుసైల్: గొడవల టైంలో ఏ రేసు నిలబడతాది?

గల్ఫ్‌లో ఏదన్నా గొడవ మొదలైందంటే మా కడప, రాయచోటి, రాజంపేట వైపు ఫస్ట్ కువైట్‌లో, ఖతార్‌లో ఉండే మనోళ్ళకు ఫోన్లు పోతాయి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఫార్ములా వన్ కార్ల రేసుల పిచ్చి ఉండే పిల్లోళ్ళు మాత్రం రేసు ఉంటాదా ఎగిరిపోతాదా అని వాదించుకుంటాంటారు, అందులో చానామంది చేసే పని ఏందంటే మిస్సైల్ పడిన చోటికీ ట్రాక్‌కీ ఎన్ని కిలోమీటర్లో మ్యాప్‌లో కొలుచుకోవడం. ఆ లెక్క పనికిరాదబ్బా. 2022 ఒక్క సంవత్సరం చూస్తే తెలుస్తాది.

ఆ మార్చి 25న సౌదీలోని జెడ్డాలో ప్రాక్టీస్ జరుగుతాంటే యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు దగ్గర్లో ఉండే సౌదీ ఆయిల్ కంపెనీ అరాంకో చమురు డిపో మీద దాడి చేసినారు, నల్ల పొగ ట్రాక్ కాడికే కనపడింది, డ్రైవర్లు అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని రేసులో దిగాల్నా వద్దా అని మాట్లాడుకున్నారు, అయినా ఆదివారం రేసు జరిగింది, వెర్‌స్టాపెన్ గెలిచినాడు. అదే సంవత్సరం రష్యాలోని సోచిలో చీమ కూడా కదల్లేదు, రేసు సెప్టెంబర్లో ఉండాది, అయినా రష్యా యుక్రెయిన్ మీదికి దిగిన మర్నాడే ఆ రేసు తీసేసినారు, మార్చిలో కాంట్రాక్టే రద్దు చేసినారు. సౌదీ కూడా 2015 నుంచి యెమెన్ యుద్ధంలో ఉండేదే కదా అని అడగచ్చు, కరెక్టే, కానీ రష్యాకు పడినట్టు సౌదీకి ఆంక్షలు పడలేదు, విమానాలు ఆగలేదు, డబ్బు ఆగలేదు. ఇది న్యాయమా అంటే కాదు, యెమెన్‌లో చచ్చిపోయినోళ్ళవీ ప్రాణాలే. కానీ అంచనా వేయాలంటే చూడాల్సింది ఇదే: ఆ దేశానికి సరుకు పోతాదా, మనుషులు పోతారా, డబ్బు చేతులు మారతాదా.

ఇంగో రకం ఉండాది, గొడవ దేశం లోపలే పుట్టడం. 2011లో బహ్రెయిన్‌లో జనాలు రోడ్డు మీదికొచ్చినప్పుడు రేసు వదులుకున్నామని చెప్పింది ఎవరో కాదు, వాళ్ళ యువరాజే. 2012లో నిరసనలు నడుస్తానే ఉండాయి, అయినా రేసు పెట్టినారు, ఫోర్స్ ఇండియా టీం మనుషులు రోడ్డు మీద పోతాండే కారు పెట్రోల్ బాంబుల మధ్య ఇరుక్కుంటే వాళ్ళు ఒక ప్రాక్టీస్ సెషన్ మానేసినారు. నన్నడిగితే అప్పుడు పెట్టకుండా ఉండాల్సింది.

ఇప్పుడు అసలు పోలిక. ఎండాకాలం ముందు వచ్చే బహ్రెయిన్, జెడ్డా ఒక జత, సంవత్సరం చివర్లో వచ్చే ఖతార్‌లోని లుసైల్, అబుదాబి ఇంకో జత. నాలుగూ ఒకే ఏరియా, డబ్బుకు నాలుగిటికీ కొదవ లేదు, కాబట్టి తేడా అంతా క్యాలెండర్లోనే ఉండాది. టీంల సామాను కొంత ఓడల్లో వారాల ముందే బయల్దేరతాది, మిగతాది విమానాల్లో, కాబట్టి రేసుకు నెల ముందు ఆకాశం మూసేస్తే రేసు రోజుకు అంతా సద్దుమణిగినా లాభం లేదు. 2025 చూడండి, జూన్‌లో ఇరాన్ మిస్సైళ్ళు ఖతార్‌లో ఉండే అమెరికా స్థావరం మీదికి వచ్చినాయి, సెప్టెంబర్లో ఇజ్రాయెల్ ఏకంగా దోహా మీదే దాడి చేసింది, అయినా నవంబర్ 30న లుసైల్‌లో రేసు మామూలుగా జరిగిపోయింది, ఎందుకంటే మధ్యలో సర్దుకోడానికి టైం దొరికింది. సీజన్ మొదట్లో గొడవొస్తే ఆ టైం దొరకదు. అందుకే పందెం కాసేటట్టుంటే నేను లుసైల్, అబుదాబి వైపే.

రేసు ఆగిపోతే వేరే దేశానికి ఇస్తార్లే అని కొందరు టర్కీలోని ఇస్తాంబుల్, పోర్చుగల్‌లోని పోర్టిమావ్, ఇటలీలోని ఇమోలా పేర్లు చెప్తారు. 2020లో కోవిడ్ టైంలో ఇచ్చినారు, అవును, ఇస్తాంబుల్‌లోనే హామిల్టన్ ఏడో టైటిల్ కొట్టినాడు. కానీ అప్పుడు క్యాలెండర్ అంతా కొత్తగా రాసుకునే వీలుండింది. ఫార్ములా వన్‌కు ట్రాక్ పనికొస్తాదని ఇచ్చే గ్రేడ్ వన్ లైసెన్స్, ట్రాక్ పక్కన జెండాలు ఊపే మార్షల్స్, ఆస్పత్రి ఏర్పాట్లు, టికెట్లు, ఇవన్నీ నెలలో అయ్యే పనులు కావు, కాబట్టి ఆఖరి నిమిషంలో గొడవ వస్తే రేసు వేరే చోటికి పోతాదనడం కంటే రద్దు అవుతాదనడమే నయం.

ఇంకొకటి చెప్పాల. డ్రైవర్లకు ప్రైవేట్ జెట్లుంటాయి, వాళ్ళు ఆ రాత్రికే వెళ్ళిపోతారు. హోటళ్ళలో, డ్రైవింగ్‌లో, క్లీనింగ్‌లో పని చేసే మనోళ్ళకు అది ఉండదు కదా. రేసు జరగాల అని కోరుకునే ముందు వాళ్ళు గుర్తుకు రావాల.

కొత్తగా రేసు అడిగే చోట్లలో బ్యాంకాక్ సంగతి తర్వాత. ఆఫ్రికాలోనే గట్టి పోటీ. 2024 డిసెంబర్లో రువాండా ప్రెసిడెంట్ కగామే మాకు రేసు కావాలని వాళ్ళ రాజధాని కిగాలీలో ప్రకటించినాడు, రెండు నెలలు తిరక్కముందే ఎం23 అనే తిరుగుబాటుదారులు పక్క దేశం కాంగోలో గోమా సిటీని పట్టుకున్నారు, వాళ్ళ వెనక రువాండా ఉందని చెప్పి ఆ చర్చలు ఆపమని కాంగో విదేశాంగ మంత్రి ఫార్ములా వన్‌కు లెటర్ రాసింది. దక్షిణాఫ్రికాలో క్యాలామీ ట్రాక్ ఆల్రెడీ ఉండాది, 1993 తర్వాత అక్కడ రేసు లేదు, బాగు చేసుకోవాల, డబ్బు తేవాల, అదంతా కష్టమే. అయినా సోచికి జరిగింది చూసినాక, పక్క దేశంతో యుద్ధం పేరు మోస్తాండే కిగాలీ కంటే క్యాలామీకే నేను ఓటేస్తా, కొత్త ట్రాక్ కట్టినాక కాంట్రాక్ట్ పోతే నష్టపోయేది ఆ దేశం జనాలే.