పదకొండేళ్ల చాక్లెట్, రెండేళ్ల లెక్క

సాయంత్రం నాలుగింటికి కౌంటర్ మూసి, క్యాష్ టాలీ చేసుకునే ముందు ఒక చాక్లెట్. ఏలూరు బ్రాంచికి వచ్చిన దగ్గర్నుంచీ, అంటే పదకొండేళ్లుగా ఇదే నా అలవాటు. అందరూ టీకి లేస్తారు, నేను సొరుగు లాగుతాను. మొదటి తొమ్మిదేళ్లూ రేపర్ వెనక్కి తిప్పి చూసిన పాపాన పోలేదు. రెండేళ్ల కిందట హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. "ఇంకా షుగర్ కాదమ్మా, గుమ్మం దాకా వచ్చి నిలబడింది" అన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచీ తిన్న ప్రతిదాని వెనకవైపూ చదువుతున్నాను. రుచి సంగతి మీ నాలుకకే వదిలేస్తాను. నేను రాసేది ఆ వెనకవైపు పట్టిక గురించి.

నేను ఎక్కువగా తిన్నది 40 గ్రాముల మిల్క్ చాక్లెట్. ఇప్పుడు నా ముందున్న రేపర్ మీద 100 గ్రాములకు 540 కిలో కేలరీలు, ప్రోటీన్ 7.5 గ్రాములు, కార్బోహైడ్రేట్ 60, అందులో మొత్తం చక్కెర 57, కలిపిన చక్కెర 48, కొవ్వు 30, అందులో సంతృప్త కొవ్వు 18 అని ఉంది. వేరే కంపెనీలవి చూసినా అంకెలు అటూ ఇటూగా ఇవే. మొత్తం చక్కెరకీ కలిపిన చక్కెరకీ మధ్య ఉన్న 9 గ్రాముల తేడా పాలలో సహజంగా ఉండే లాక్టోజ్‌ది.

బ్యాంకు బుద్ధి ఊరుకోదు కదా, లెక్క సరిపోతుందో లేదో కూడి చూశాను. కొవ్వు గ్రాముకు 9 కిలో కేలరీలు, కార్బోహైడ్రేట్, ప్రోటీన్ గ్రాముకు 4 చొప్పున. 270, 240, 30. మొత్తం 540, పైసాతో సహా టాలీ. కానీ ఆ కూడికలోనే నాకు మొదటి షాక్ తగిలింది. ఇన్నాళ్లూ చాక్లెట్ అంటే చక్కెర అని చక్కెరనే తిట్టుకున్నాను. కేలరీల్లో సగం కొవ్వువే! తియ్యదనం నోటికి తెలుస్తుంది, కొవ్వు నోట్లో మెత్తగా కరిగిపోతుంది తప్ప నేనున్నానని చెప్పదు.

రెండో షాక్ 'సర్వింగ్' అన్న మాట దగ్గర. పక్క కాలమ్‌లో ఒక సర్వింగ్‌కి రోజువారీ అవసరంలో ఎంత శాతమో వేస్తారు. దానికి లెక్క రోజుకు 2000 కిలో కేలరీలు, 50 గ్రాముల కలిపిన చక్కెర, 22 గ్రాముల సంతృప్త కొవ్వు. నా రేపర్ మీద చక్కెర 10 శాతం, సంతృప్త కొవ్వు 8 శాతం అని చూసి 'ఓస్, ఇంతేనా' అనుకున్నాను. సర్వింగ్ అంటే 10 గ్రాములట! 40 గ్రాముల చాక్లెట్ విప్పి పావు వంతు తిని మడిచి పెట్టే మనిషిని నేనింతవరకూ చూడలేదు. మొత్తం తింటే కలిపిన చక్కెర 19 గ్రాములు, అంటే సుమారు అయిదు టీ చెంచాలు, రోజు కోటాలో 38 శాతం. సంతృప్త కొవ్వు మూడో వంతు. పట్టికలో అబద్ధం ఏమీ లేదు, గుణించుకోవలసిన పని మాత్రం మనకు వదిలేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చక్కెరను 25 గ్రాముల లోపు ఉంచుకుంటే ఇంకా మంచిదంటుంది. ఆ కొలత పెట్టుకుంటే నా నాలుగు గంటల చాక్లెట్‌తోనే ముప్పావు వంతు అయిపోయినట్టే, ఇంక ఉదయం కాఫీని ఎక్కడ సర్దను?

ఇక పదార్థాల జాబితా. బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనక రాయాలన్నది నియమం. మా మామయ్యగారికి కొబ్బరితోటలో అంతరపంటగా కోకో ఉంది. మన రాష్ట్రమే కోకో పంటలో దేశంలో ముందుంది, ఈ చుట్టుపక్కల తోటలదే అందులో పెద్ద వాటా. కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు పుల్లపుల్లగా, తియ్యగా ఉంటుంది. మా పిల్లలు దాన్ని చప్పరించి గింజ ఊసేస్తారు. ఆ గింజను పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. ఓసారి ఆయన చేతిలో రేపర్ పెడితే కళ్లజోడు సర్దుకుని, "అమ్మాయ్, ఇందులో మన గింజ ఎక్కడమ్మా?" అన్నారు. చక్కెర మొదట, పాల పదార్థాలు తర్వాత, కోకో బటర్ (ఆ గింజలోంచి తీసే కొవ్వు), కోకో పొడి ఆ వెనక. "చక్కెర ఫ్యాక్టరీ వాడే మారాజు" అని రేపర్ తిరిగి ఇచ్చేశారు.

కౌంటర్ మీద గాజు సీసాల్లో ఉండే అయిదు, పది రూపాయల సరుకు ఇంకో రకం. చాలావాటిలో కోకో బటర్ ఉండదు, దాని స్థానంలో హైడ్రోజనీకృత వనస్పతి కొవ్వు ఉంటుంది. కోకో బటర్ సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది. మే నెలలో ఏలూరు ఎండకు కిరాణా కొట్లో నిక్కచ్చిగా నిలబడ్డ 'చాకో' ఏదైనా కనిపిస్తే నేను ముందు దాన్నే వెనక్కి తిప్పుతాను. 2022 నుంచి నూనెలు, కొవ్వుల్లో గుండెకు చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఆ భయం కాస్త తగ్గింది. సంతృప్త కొవ్వు మాత్రం అలాగే ఉంది. రుచికి కూడా నా ఓటు పడదు, అంగిలికి మైనంలా అంటుకుంటుంది.

రిపోర్ట్ చూశాక నేను చేసిన తెలివైన పని, 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్‌కి మారడం. చక్కెర 100 గ్రాములకు 29కి దిగింది, నిజమే. కొవ్వు 42కి ఎక్కింది, కేలరీలు 580. డార్క్ ఒంటికి మంచిదే కదా అన్న ధీమాతో రోజూ సగం బార్, 50 గ్రాములు తిన్నాను. మూడు నెలల్లో బరువు కిలోన్నర పెరిగింది. పైగా భోజనం తర్వాత తింటే నాకు నిద్ర పట్టేది కాదు, కోకోలో కెఫీన్ ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. 85 శాతందైతే అత్తయ్యగారు ఒక ముక్క నోట్లో వేసుకుని కషాయం మింగినట్టు మొహం పెట్టారు.

షుగర్ ఫ్రీ సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అందులో చక్కెర బదులు మాల్టిటాల్ ఉంటుంది. కేలరీలు తక్కువే గానీ సున్నా కాదు, రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది కూడా. విరేచనాలు కావచ్చన్న హెచ్చరిక రేపర్ మీదే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. చదవకుండా ఆడిట్ రోజున మొత్తం బార్ తిన్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆడిటర్ పిలిచినప్పుడల్లా నేను సీట్లో లేను.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో లేబుల్ చదివి కొనమన్నది కూడా ఒకటి. చదవడానికి నాకు అభ్యంతరం లేదు, అక్షరాలు కనపడాలిగా! చిన్న రేపర్ల మీద పట్టిక సగం అతుకు కింద ఉంటుంది, బంగారు రంగు మీద తెల్లని అంకెలు. మా అమ్మాయి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదివిపెడుతుంది.

ఇప్పుడు తిరిగి పాత మిల్క్ చాక్లెట్‌కే వచ్చాను. అయితే కొనేది 13 గ్రాముల చిన్నది, 70 కేలరీలు, కలిపిన చక్కెర 6 గ్రాములు. గ్రాము లెక్కన పెద్దదాని కంటే ధర ఎక్కువే పడుతోంది, తెలిసే ఇస్తున్నాను. సొరుగులో ఒక్కటే పెట్టుకుంటాను, మిగతావి ఇంట్లో ఫ్రిజ్ మీది స్టీలు డబ్బాలో. మొన్నటి రిపోర్ట్ 5.8. అన్నం తగ్గించడం, సాయంత్రం నడక కూడా ఉన్నాయి కాబట్టి ఆ ఘనత చాక్లెట్ ఖాతాలో వేయను. స్టార్లు అడిగితే రుచికి నాలుగున్నర, పోషణకు ఒకటిన్నర. ఆ సగం 40 గ్రాములకు వచ్చే 3 గ్రాముల ప్రోటీన్‌కి.